మెడలో అట్ట కట్టుకున్న మనిషి: పొట్టి శ్రీరాములు, మొదటి పేజీ మరిచిన సగం జీవితం

కొడవలూరు (నెల్లూరు జిల్లా): నెల్లూరు నుంచి పెన్న దాటి, కోవూరు మీదుగా ఉత్తరానికి వస్తే కొడవలూరు. ఇక్కడి తహసీల్దారు ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రం కోసం వరుసలో నిలబడే మాల, మాదిగ పిల్లలకు ఒక పేరు బాగా అలవాటు. జిల్లా పేరు రాయాల్సిన చోటల్లా ఆ పేరే. 2008లో ప్రభుత్వం నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టింది.

ఆయన ఎవరని అడిగితే బడి పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం మాని ప్రాణం వదిలిన అమరజీవి అంటారు. ఆ జవాబు తప్పు కాదు. కానీ అది సగమే. చనిపోవడానికి ఆరేళ్ల ముందు ఇదే నెల్లూరు వీధుల్లో ఆయన మెడలో ఒక అట్ట కట్టుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా మండుటెండలో తిరిగాడు. అంటరానివాళ్లుగా నెట్టేసిన జనానికి గుడి తలుపులు తెరవాలని, వాళ్లతో కలిసి బతకాలని ఆ అట్ట మీద రాసుకున్నాడు. ఊరు ఆయన్ని పిచ్చివాడంది. ఆ సగం జీవితం జనం నోట్లో మిగల్లేదు.

ఎందుకు మిగల్లేదు? దానికి జవాబు పత్రికల మొదటి పేజీ దగ్గర వెతకాలి. ఏ వార్త పైన పెట్టాలి, ఏది లోపలికి నెట్టాలి, ఏది అసలు వేయక్కర్లేదు అనే తీర్పు రోజూ జరిగేది అక్కడే. శ్రీరాములు జీవితం ఆ తీర్పు కింద రెండు ముక్కలైంది. ఒక ముక్క చరిత్ర అయింది. రెండోది పిచ్చివాడి కథ అయింది.

రైల్వే కొలువు వదిలిన ఇంజనీరు

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో పుట్టాడు. వైశ్య కుటుంబం. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. ఇరవై ఏళ్ల దాకా మద్రాసులో చదివి, బొంబాయి వెళ్లి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చేశాడు. మురుగునీరు ఎటు పోవాలో, మంచినీరు ఎటు రావాలో లెక్కగట్టే చదువు అది. ఆ తర్వాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగం. జీతం వచ్చే కొలువు, స్థిరపడ్డ బతుకు.

1928లో భార్య, పురిటి బిడ్డ ఇద్దరూ చనిపోయారు. రెండేళ్లకు ఉద్యోగం వదిలేశాడు. 1930లో సబర్మతి ఆశ్రమం చేరి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లాడు. తర్వాత రాజ్‌కోట్‌లో, కృష్ణా జిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం పెట్టిన గాంధీ ఆశ్రమంలో పనిచేశాడు. 1940ల మొదట్లో మళ్లీ జైళ్లు. ఆ తర్వాత నెల్లూరు.

ఈ జాబితా చాలామంది కాంగ్రెసు కార్యకర్తల జీవితాల్లో కనబడేదే. తేడా నెల్లూరులో మొదలైంది. ఆయన తోటివాళ్లు స్వరాజ్యం దగ్గరికొచ్చిందని మంత్రి పదవుల లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో ఈయన అంటరానితనాన్ని పట్టుకుని కూర్చున్నాడు. సొంత కులంలోని పెద్దలే ఆయన మీద మండిపడ్డారు.

అట్ట చేసిన పని

మెడలో అట్ట కట్టుకోవడాన్ని ఇప్పుడు మనం ధర్నా చౌక్‌లో రోజూ చూస్తున్నాం. అప్పుడు ఊరికి అది వింత. కానీ ఆ అట్టను పత్రిక చేసేవాళ్ల కళ్లతో చూడండి.

మొదటి పేజీ ఏం చేయాలి? బంకు దగ్గర వేలాడదీసిన పేపరు సగానికి మడిచి ఉంటుంది. కొనేవాడికి కనబడేది మడత పైనున్న సగమే. ఆ సగంలో పత్రిక పేరు, అతిపెద్ద వార్త, ఒక ఫోటో పడాలి. దారిన పోయేవాడు రెండు మూడు క్షణాల కన్నా ఆగడు. అందుకే పెద్దక్షరాలు, తక్కువ మాటలు, చుట్టూ కాస్త ఖాళీ జాగా. అన్నీ పెద్దవి చేస్తే ఏదీ పెద్దది కాదు. ఒకటి పెద్దది కావాలంటే మిగతావి చిన్నవి కావాలి. అదే పేజీ కట్టేవాళ్లు నేర్చుకునే మొదటి పాఠం.

శ్రీరాములు అట్ట ఆ పాఠాన్ని పత్రిక లేకుండానే పాటించింది. అట్ట చిన్నది కాబట్టి ఒక్క సంగతే పడుతుంది. గుండె మీద వేలాడుతుంది కాబట్టి ఎదురొచ్చేవాడి చూపు తప్పించుకోలేదు. పేపరును వద్దనుకుంటే కొనకుండా పోవచ్చు, ఇది మాత్రం నడిచి మన వీధికే వస్తుంది. చదువు రానివాడు కూడా పక్కవాణ్ని అడుగుతాడు, ఏం రాసుందిరా అని. ఆ అడగడంలోనే విషయం ఊరంతా పాకుతుంది. టీ బంకు దగ్గర ఒకరు పేపరు చదివితే పదిమంది వినే పద్ధతి ఇదే.

ఇంకో సంగతి. అట్ట కింద నడిచే మనిషి ఒళ్లు కూడా పేజీలో భాగమే. కాలుతున్న నేల మీద ఉత్తకాళ్లతో నడవడం ఆ రాతకు ఫోటో లాంటిది. ఊళ్లో అగ్రకులాల వీధుల్లోకి వచ్చినప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలన్న కట్టడి మన తాతలు అనుభవించిందే. ఒక కోమటి ఇంజనీరు ఆ వీధుల్లోనే చెప్పుల్లేకుండా నడిచాడు. ఆయన ఆ లెక్క వేసుకుని నడిచినా, నడవకపోయినా, మన వాడల నుంచి చూసేవాళ్లకు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

పేజీ ఎవరిదో అడిగినవాళ్లు

ఈ పని ఆయనొక్కడే కనిపెట్టింది కాదు. పేజీ మనది కాకపోతే మన మాట అందులోకి రాదని ముందే తేల్చినవాళ్లు దళితులే.

శ్రీరాములు చదువుకోవడానికి వెళ్లిన అదే బొంబాయిలో 1920 జనవరి 31న అంబేడ్కర్ మూక్‌నాయక్ పత్రిక తెచ్చాడు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ 2,500 రూపాయలు సాయం చేశాడు. డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటామన్నా తిలక్ స్థాపించిన కేసరి వేయలేదు. కొనుక్కున్న జాగాలో కూడా అంటరానివాళ్ల పత్రిక పేరు కనబడకూడదన్నమాట. మూక్‌నాయక్ మొదటి పేజీలో పత్రిక పేరు దగ్గర తుకారాం అభంగం ఉండేది. నోరు విప్పనివాడి గోడు లోకానికి పట్టదన్నది దాని సారం. పేరు చూస్తే మూగవాళ్ల నాయకుడు, దాని పక్కన మాట్లాడమనే పద్యం. వార్తలు చదవకముందే పేజీ పైభాగం పత్రిక ఎందుకు పుట్టిందో చెప్పేసేది.

మహాడ్ చెరువు నీళ్లు తాగిన కొద్ది రోజులకే, 1927 ఏప్రిల్ 3న, బహిష్కృత భారత్ వచ్చింది. తర్వాత 1928లో సమత, 1930లో జనత. 1956లో జనతే ప్రబుద్ధ భారత్ అయింది. మూగ, బహిష్కృత, సమత, జనత, ప్రబుద్ధ. పేజీ నెత్తిన ఉన్న ఈ పేర్లను వరుసగా చదివితే ఒక ఉద్యమం ముప్పై ఆరేళ్లలో ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో తెలుస్తుంది.

మన తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో 1931లో భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టాడు. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. చందాలు కట్టగలిగే పాఠకులు తక్కువ, ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఆ పరిస్థితిలో అచ్చయిన ప్రతి సంచికా ఒక పోరాటమే. శ్రీరాములుకు కనీసం ఆ పత్రికలు కూడా లేవు. ఆయన దగ్గర ఉన్నది ఒక అట్ట, ఒక పొట్ట. అట్ట పని చేయని చోట పొట్ట మాడ్చుకున్నాడు.

మూలాపేట గుడి ముందు

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశాడు. చివరికి ఆ ప్రవేశం సాధించాడు. 1946 నుంచి 1948 లోపు దళితుల హక్కుల కోసం మూడు దీక్షలు చేశాడు. వాటిలో ఒకదాని ఫలితంగా కలెక్టర్లు వారానికి కనీసం ఒక రోజు దళితుల అభివృద్ధి పనులు చూడాలని మద్రాసు ప్రభుత్వం ఆదేశాలు ఇచ్చింది.

1946 నవంబరు 25న మొదలుపెట్టిన ఆమరణ దీక్ష ఒక గుడి కోసం కాదు. మద్రాసు రాష్ట్రంలోని గుళ్లన్నీ తెరవాలన్నది ఆ కోరిక. ఆ నెలలో దేశం మొదటి పేజీ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. నోవాఖాలీలో, బీహారులో మత మారణకాండ. ఢిల్లీలో తాత్కాలిక ప్రభుత్వం. రాజ్యాంగ సభ కూర్చోడానికి రెండు వారాలే ఉంది. అంత పెద్ద వార్తల మధ్య నెల్లూరు మనిషి ఆకలికి ఎంత జాగా? కాంగ్రెసు పెద్దలు ఇది సమయం కాదన్నారు. ఆయన వినలేదు. వాళ్లు గాంధీ దగ్గరికి వెళ్లారు. గాంధీ నచ్చజెప్పి మాన్పించాడు. తర్వాత ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుకు రాసిన ఉత్తరంలో దీక్ష ముగిసినందుకు సంతోషించి, శ్రీరాములు గట్టి కార్యకర్తే అని మెచ్చుకుంటూ, మనిషి మాత్రం కాస్త వింతవాడని కూడా అన్నాడు.

వీధిలో జనం పిచ్చివాడన్నారు. గురువు వింతవాడన్నాడు. ఇద్దరి మాటా ఒక చోటికే చేరింది. అడిగిన కోరిక పక్కకు పోయి, అడిగిన మనిషి తీరు చర్చ అయింది. మన నిరసనల వార్తల్లో ఈనాటికీ జరిగేది ఇదే. ట్రాఫిక్ ఆగింది అనేది శీర్షిక అవుతుంది. ఎందుకు కూర్చున్నారో చివరి పేరాలో వస్తుంది, వస్తే.

మరుసటి ఏడాది, 1947లో, మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

మన వైపు నుంచి ఒక విమర్శ

శ్రీరాములు కథను మనం పూజగా చెప్పుకోనక్కర్లేదు. గుడి ప్రవేశం మీద అంబేడ్కర్ దారి వేరు. నాసిక్ కాలారాం గుడి ముందు 1930లో సత్యాగ్రహం మొదలుపెట్టి, కొన్నేళ్లు నడిపి, ఆయనే దాన్ని ఆపేశాడు. 1933లో కేంద్ర శాసనసభలో ఆలయ ప్రవేశ బిల్లు వచ్చినప్పుడు దానికి మద్దతు ఇవ్వలేదు. చదువు, ఉద్యోగం, రాజకీయ అధికారం వస్తే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయని, కులాన్ని ముట్టుకోకుండా గుడి తలుపు తీస్తే సరిపోదని ఆయన వాదన. ఆ వాదన ముందు గాంధీ మార్గంలోని దీక్షలు చిన్నవిగానే కనబడతాయి.

ఇంకో లోటు కూడా ఉంది. మూలాపేట కథ చెప్పినప్పుడల్లా గుడి బయట ఆకలితో కూర్చున్న మనిషి పేరు వినబడుతుంది. లోపలికి నడిచినవాళ్ల పేర్లు వినబడవు. తరతరాలుగా ఆగిన గడప దాటిన మొదటి ఆడమనిషి ఎవరు, ఆమె పక్కన నడిచిన పిల్లవాడు ఎవరు అన్నది ఆ కథలో శీర్షిక కాలేదు. మనవాళ్లు అక్కడ జనం అయ్యారు, మనుషులు కాలేదు.

పెన్నకు ఇటువైపు, ఈ కొడవలూరుకు దగ్గర్లోనే అలగానిపాడు ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య ఊరు. ఆయన అక్కడ వ్యవసాయ కూలీలను సంఘంగా కట్టి, కూలి రేట్ల దగ్గర, అంటరానితనం దగ్గర సొంత బంధువులతోనే తలపడ్డాడు. ఒకే నేల మీద ఒకరు గుడి గడప దగ్గర, ఒకరు పొలం గట్టు దగ్గర కులాన్ని ఎదుర్కొన్నారు. ఇద్దరూ పైకులాల నుంచి వచ్చినవాళ్లే. ఇద్దరి కథల్లోనూ వాడల నుంచి లేచినవాళ్ల పేర్లు ఇంకా రాయాల్సే ఉంది. ఆ పని మనది.

అయినా శ్రీరాములును వదిలేయలేం. సొంత కులంతో చెడి, మనవాళ్ల గడప కోసం ప్రాణం పణంగా పెట్టినవాళ్లు ఆ రోజుల్లో ఎంతోమంది లేరు. ఆ సంగతిని దాచిపెట్టి మిగతా సగానికి దండలు వేస్తున్నవాళ్లను ప్రశ్నించాల్సింది కూడా మనమే.

58 రోజులు

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో చివరి దీక్ష మొదలైంది. అంతకు ముందు ఏడాది స్వామి సీతారాం ఇదే కోరికతో 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించాడు. అందుకే ఈసారి కూడా అలాగే తేలిపోతుందని పైవాళ్లు అనుకున్నారు. డిసెంబరు 3న ప్రధాని నెహ్రూ రాజాజీకి రాసిన ఉత్తరంలో, ఆంధ్ర కోసం ఏదో దీక్ష నడుస్తోందట, టెలిగ్రాములు వస్తున్నాయి, నేను పట్టించుకోదలచుకోలేదు అన్న ధోరణి కనిపిస్తుంది. అప్పటికి ఆరు వారాలు గడిచాయి. డిసెంబరు 12న రాసిన ఉత్తరంలో మాత్రం స్వరం మారింది. ఆంధ్ర కోరిక ఒప్పుకోక తప్పదన్నాడు.

డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు చనిపోయాడు. కోస్తా అంతటా జనం వీధుల్లోకి వచ్చారు. రైళ్లు ఆగాయి. పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నట్టు పార్లమెంటులో ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఆ రాష్ట్రంలో, తర్వాత ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి కుర్చీ ఒక దళితుడికి, దామోదరం సంజీవయ్యకు, దక్కడానికి 1960 దాకా ఆగాలి.

ఒకే మనిషి, ఒకే ఆకలి. దళితుల కోసం చేసినప్పుడు వింత. రాష్ట్రం కోసం చేసి చనిపోయినప్పుడు అమరత్వం. రెండోదాని వెనక భూమి, వ్యాపారం, పత్రికలు, పార్టీలు ఉన్నవాళ్ల కోరిక ఉంది. మొదటిదాని వెనక వెలివాడలున్నాయి. పెద్దక్షరం ఎటు పోయిందో చూస్తే ఎవరి చేతిలో పేజీ ఉందో తెలుస్తుంది.

చస్తేనే పెద్దక్షరం

ఆ తర్వాత కూడా లెక్క మారలేదు. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. అక్కడి మాదిగలు, మాలలు రాష్ట్రమంతటికీ వార్త అయింది హత్యలు జరిగాకే. చెరువు నీళ్ల గొడవ, సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ, కూలి గొడవ అంతకు ముందు నుంచే ఉన్నాయి. అవి మొదటి పేజీ ఎక్కలేదు.

1989 తర్వాత పెద్ద తెలుగు పత్రికలు జిల్లాకో టాబ్లాయిడ్ వేయడం మొదలుపెట్టాయి. ఊరి వార్తకు జాగా పెరిగింది, నిజమే. కానీ కొడవలూరు దళితవాడలో శ్మశానానికి దారి లేదన్న వార్త వస్తే అది నెల్లూరు జిల్లా పేజీల్లోనే వస్తుంది. కర్నూలులో చదివేవాడికి, అమరావతిలో ఫైలు మీద సంతకం పెట్టేవాడికి అది కనబడదు. ప్రతి జిల్లాలోనూ అదే వార్త విడివిడిగా వచ్చి, ఎక్కడా రాష్ట్ర సమస్యగా మొదటి పేజీకి ఎక్కదు.

పేజీ కట్టే గదిలో ఎవరున్నారన్నది ఇంకో ప్రశ్న. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు ఉన్న విలేకరుల్లో ఒక దళితుడి కోసం వెతికాడు. ఒక్కరూ దొరకలేదు. ఆ సంగతి పయనీర్ పత్రికలో రాశాడు. ఏది పెద్దక్షరం అని తేల్చే బల్ల దగ్గర మనవాళ్లు లేనప్పుడు మన శవాలే వార్త అవుతాయి, మన కోరికలు కావు.

మన పేజీ మనం కట్టుకునేటప్పుడు

హాస్టల్ గోడపత్రిక కానీ, సంఘం నెలపత్రిక కానీ, ఫోన్లలో తిరిగే ఒక్క కార్డు కానీ, ఇప్పుడు మన దగ్గరా మొదటి పేజీలున్నాయి. శ్రీరాములు అట్ట నుంచి తీసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పేజీకి ఒక్క కోరికే పెద్దది కావాలి. మనం చాలాసార్లు పన్నెండు డిమాండ్లు ఒకే సైజులో వేసి, పైన అయిదుగురు నాయకుల ఫోటోలు పెడతాం. చదివేవాడికి ఫోటోలే గుర్తుంటాయి. శ్మశాన దారి కావాలంటే ఆ మూడు మాటలే పైన ఉండాలి. తేదీ, ఊరు, ఎన్ని ఇళ్లు, ఏ ఆఫీసులో అర్జీ ఎప్పుడు ఇచ్చారు అన్నవి కింద ఉండాలి. నాయకుల పేర్లు చివరికి పోవాలి.

ఫోటో మీద గట్టిగా ఆలోచించాలి. చంపేసిన మనిషి ఒళ్లు చూపిస్తే కోపం వస్తుంది, కానీ ఆ మనిషి అడిగింది ఏమిటో చదివేవాడికి తెలియదు. బతికున్నవాళ్లు అర్జీ పట్టుకుని నిలబడ్డ ఫోటో దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. అందులో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పేర్లతో వేయాలి. మూలాపేటలో జరిగిన లోటు మన పేజీలో జరగకూడదు.

ఎవరి దారిలో పెడుతున్నామన్నది కూడా ముఖ్యం. శ్రీరాములు తన అట్టను వెలివాడలో కాకుండా తలుపులు మూసినవాళ్ల వీధుల్లో తిప్పాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో మనమే ఒకరికొకరం పంపుకుంటే పేజీ ఇల్లు దాటినట్టు కాదు. తహసీల్దారు ఆఫీసు ఎదుట, బస్టాండులో, గుడి వీధిలో కనబడాలి.

చివరగా, చావు కోసం ఆగే పేజీ మనకు వద్దు. శ్రీరాములు 1946లో అడిగినప్పుడు వినని దేశం 1952లో శవాన్ని చూసి తలవంచింది. ఆ వరసను మన వార్తల్లోనూ కొనసాగిస్తే కారంచేడు, చుండూరు తేదీలే మన మొదటి పేజీలవుతాయి. జిల్లా పేరుతో ఉన్న ప్రతి కాగితం మీద ఆయన ఉన్నాడు. వచ్చే మార్చి 16న ఆయన విగ్రహానికి దండ వేయడానికి మంత్రులు వచ్చినప్పుడు, ఏ వాడకు శ్మశానం లేదో, ఏ గుడి ఇంకా మూసి ఉందో ఒక్కో అట్ట మీద ఒక్కో సంగతి రాసి మెడలో కట్టుకుని వెళ్దాం. ఆయన మరుగున పడిన సగం జీవితాన్ని గుర్తు చేయడానికి అంతకన్నా సూటి మార్గం లేదు.